విలియం రాబర్ట్ గ్రోవ్

విలియం రాబర్ట్ గ్రోవ్ 1811లో వేల్స్‌లోని స్వాన్సీ పట్టణంలో జన్మించాడు. న్యాయవాద వృత్తిలో ప్రవేశించినప్పటికీ, అనారోగ్యం ఆయనను విజ్ఞానశాస్త్రం వైపు మళ్లించింది. 1839లో జింకు, ప్లాటినం పలకలతో శక్తిమంతమైన విద్యుత్ ఘటాన్ని నిర్మించాడు. 1842లో హైడ్రోజన్, ఆక్సిజన్‌ల సంయోగం వల్ల విద్యుత్తును పుట్టించే వాయుఘటాన్ని రూపొందించాడు. వాయువు, ఆమ్లద్రావణం, ప్లాటినం మూడూ కలిసే చోటనే చర్య జరుగుతుందనీ, ఆ తలం విశాలమైతేనే విద్యుత్తు అధికమవుతుందనీ గ్రహించాడు. అనంతరం కుటుంబ పోషణార్థం తిరిగి న్యాయవాద వృత్తిని చేపట్టి, 1871లో న్యాయమూర్తి పదవిని అలంకరించాడు. 1896లో లండన్‌లో కన్నుమూశాడు.

గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేసే జింకు-గాలి బ్యాటరీకి నేటికీ ఆ సంగమస్థానమే ప్రాణం. ప్లాటినం వెల మిక్కుటం కనుక, ఇనుము, కోబాల్టు, నత్రజని కూర్చిన కర్బన పదార్థాలను శాస్త్రజ్ఞులు ఉత్ప్రేరకాలుగా తీర్చిదిద్దుతున్నారు. గ్రోవ్ చూపిన బాటలోనే ఈ అన్వేషణ సాగుతోంది.