సోఫియా హినెరంగి

సోఫియా హినెరంగి (సుమారు 1834 - 1911 డిసెంబర్ 4) న్యూజీలాండ్ దేశానికి చెందిన సుప్రసిద్ధ యాత్రా మార్గదర్శిని. మావోరి భాషలో ఈమె పేరు తే పయేయా హినెరంగి. "గైడ్ సోఫియా" అనే పేరుతో ఈమె దేశవిదేశాల యాత్రికులకు పరిచితురాలు. ఆ దేశపు ఉత్తర ద్వీపంలో రోటోమహానా సరస్సు ఒడ్డున ఉండిన తెల్ల, గులాబీ సోపానాలను చూడవచ్చే చిన్న చిన్న యాత్రిక బృందాలను ఈమె చాలాకాలం వెంటబెట్టుకొని తిప్పింది. 1886లో తరవేరా అగ్నిపర్వతం బద్దలైన రాత్రి ఈమె ఇంట తలదాచుకొన్న అరవై మందికి పైగా జనం ప్రాణాలతో బయటపడ్డారు.

బాల్యం, కుటుంబం

సోఫియా న్యూజీలాండ్ ఉత్తర భాగంలోని బే ఆఫ్ ఐలాండ్స్ తీరాన కోరోరారెకా అనే రేవు పట్టణంలో జన్మించింది. ఈ పట్టణానికే నేడు రస్సెల్ అని పేరు. తండ్రి అలెగ్జాండర్ గ్రే స్కాట్లాండ్ నుండి వలస వచ్చిన కమ్మరి. తల్లి కోటిరో హినెరంగి తరనాకి ప్రాంతపు న్గాతి రువానుయి తెగకు చెందిన మావోరి స్త్రీ. తెగల మధ్య జరిగిన యుద్ధాలలో ఆమె బందీగా చిక్కి ఉత్తరానికి చేరింది. ఆ విధంగా సోఫియా రెండు జాతుల నడుమ పుట్టి, రెండు భాషలనూ వింటూ పెరిగింది.

బాల్యంలో కొంతకాలం కెరికెరి లోని క్రైస్తవ మిషనరీల ఇంట పెరిగి, తరువాత ఆక్లాండ్‌లో మిషనరీలు నడిపిన పాఠశాలలో చదువుకొన్నది. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే నేర్పు అక్కడ అలవడింది. ఆ కాలపు మావోరి స్త్రీలలో ఇటువంటి చదువు అరుదు. తరువాతి జీవితంలో ఈమెకు జీవనోపాధిని, కీర్తిని సంపాదించిపెట్టినది ఈ రెండు భాషల పరిజ్ఞానమే.

సోఫియా రెండుసార్లు వివాహమాడింది. మొదటి భర్త కోరోనెహో వలన 14 మంది, 1870లో పెండ్లాడిన రెండవ భర్త హోరి తైయావియో వలన ముగ్గురు, మొత్తం 17 మంది సంతానం కలిగారు. రెండవ వివాహం తరువాత ఈమె తరవేరా సరస్సు సమీపంలోని తే వైరోవా గ్రామంలో స్థిరపడింది. తూహౌరంగి తెగవారు నివసించిన ఈ గ్రామమే సోపానాలను చూడబోయే యాత్రికులకు చివరి మజిలీ.

తెల్ల, గులాబీ సోపానాలు

భూగర్భంలోని వేడికి మరిగే నీరు రాళ్ళలోని సిలికాను కరిగించుకొని పైకి వస్తుంది. ఆ నీరు చల్లారినపుడు సిలికా పొరలు పొరలుగా పేరుకొంటుంది. రోటోమహానా ఒడ్డున కొండవాలుపై ఇలా శతాబ్దాల పాటు పేరుకొన్న పొరలు, మెట్ల వరుసల వలె, ఒకదాని క్రింద ఒకటిగా తొట్లు కలిగిన సహజ నిర్మాణాలుగా ఏర్పడ్డాయి. తెల్లనిదానిని మావోరులు తే తరాటా అని, గులాబీ రంగుదానిని ఓతుకపువారంగి అని పిలిచేవారు. రెండింటిలో తెల్లనిది పెద్దది. దాని ఎత్తు సుమారు 30 మీటర్లు. గులాబీ సోపానాల పైతొట్లలోని నీరు గోరువెచ్చగా ఉండి స్నానానికి అనువుగా ఉండేది. మావోరి భాషలో రోటో అంటే సరస్సు, మహానా అంటే వెచ్చని. పేరుకు తగినట్లే ఆ సరస్సు చుట్టూ వేడినీటి బుగ్గలు, ఆవిరి చిమ్మే బిలాలు, ఉడికే బురద గుంటలు ఉండేవి.

1859లో భూగర్భ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ వాన్ హోక్‌స్టెటర్ ఈ సరస్సును పరిశీలించి పటం తయారుచేశాడు. ఆ తరువాత ఐరోపా నుండి యాత్రికుల రాక పెరిగింది. 1870లో విక్టోరియా రాణి కుమారుడు ఆల్ఫ్రెడ్ కూడా ఈ ప్రాంతాన్ని సందర్శించాడు.

మార్గదర్శినిగా

తే వైరోవాలో ప్రధాన మార్గదర్శినులు ఇద్దరు. వారిలో కేట్ అనే ఆమె ఒకరు కాగా సోఫియా రెండవది. యాత్ర ఒక పగలంతా పట్టేది. యాత్రికులు ముందురోజు సాయంత్రానికే గుర్రపు బండ్లలో తే వైరోవా చేరి, అక్కడి హోటలులో రాత్రి బస చేసేవారు. ఉదయం తూహౌరంగి యువకులు తెడ్లు వేసే పడవలో తరవేరా సరస్సును దాటి తే అరికి గ్రామం వద్ద దిగేవారు. అక్కడి నుండి వాగు వెంబడి కొద్ది దూరం నడిస్తే రోటోమహానా కనిపించేది. మొదట తెల్ల సోపానాలను ఎక్కి చూసి, ఆపైన చిన్న దోనెలలో సరస్సు దాటి గులాబీ సోపానాలను చేరుకొని, అక్కడ స్నానం చేసి తిరుగుముఖం పట్టడం పరిపాటి. మధ్యాహ్న భోజనానికి బంగాళాదుంపలను, మంచినీటి రొయ్యలను వేడినీటి బుగ్గలలోనే ఉడికించేవారు.

ఈ దారిలో మార్గదర్శిని పని కేవలం ముందు నడవడం కాదు. పైకి గట్టిగా కనిపించే నేల పలుచని పెంకు మాత్రమే కావచ్చు. దాని క్రింద మరిగే నీరు ఉండవచ్చు. ఎక్కడ అడుగు వేయవచ్చునో, ఏ తొట్టిలో దిగవచ్చునో, ఏ బుగ్గ ఎప్పుడు ఎగజిమ్ముతుందో తెలిసినవారు వెంట లేనిదే ఆ ప్రదేశంలో తిరగడం ప్రాణాపాయం. సోఫియా ఈ జాగ్రత్తలు తీసుకొంటూనే ఒక్కొక్క బుగ్గ పేరును, దానికి సంబంధించిన మావోరి గాథను ఇంగ్లీషులో వివరించేది. ఓర్పు, హుందాతనం, మాటకారితనం కలిగిన మార్గదర్శినిగా ఈమెకు పేరు వచ్చింది.

యాత్రికుల నుండి వసూలు చేసే రుసుములు, పడవ కూలి, బస, నృత్య ప్రదర్శనల వలన తూహౌరంగి తెగకు మంచి ఆదాయం లభించేది. 1880 దశకం ఆరంభంలో వారు తే వైరోవాలో నిర్మించిన హినెమిహి అనే సభాగృహపు చెక్కడాలలో, బొమ్మల కన్నులకు వాడుకగా పొదిగే ఆల్చిప్పలకు బదులు బంగారు నాణేలను పొదిగారు. అయితే ధనంతో పాటు మద్యపానం కూడా గ్రామంలో ప్రవేశించింది.

మాయపడవ

1886 మే 31న సోఫియా ఒక యాత్రిక బృందాన్ని తీసుకొని తరవేరా సరస్సుకు బయలుదేరింది. ఆ ఉదయం రేవు దగ్గర వాగులో నీరు ఒక్కసారిగా తగ్గిపోయి, మరల పొంగివచ్చింది. ప్రయాణం సాగుతుండగా దూరాన ఒక పెద్ద యుద్ధపు పడవ కనిపించిందని, అందులోనివారు చావుకు సిద్ధమైనవారి అలంకారంలో ఉన్నారని, కొంతసేపటికి అది మాయమైందని సోఫియాతో పాటు పడవలోని మావోరులు, ఐరోపావారు కూడా చెప్పారు. అటువంటి పడవ ఆ సరస్సులో ఏదీ లేదు. గ్రామంలోని తుహోటో అనే వృద్ధ పూజారి ఇది రాబోయే ఆపదకు సూచన అని చెప్పినట్లు ప్రతీతి.

ఈ ఉదంతంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నీటిమట్టంలో వచ్చిన మార్పు మాత్రం భూమి లోపలి కదలికలకు సంబంధించినదై ఉండవచ్చునని భావిస్తారు.

తరవేరా విస్ఫోటనం

పదిరోజుల తరువాత, 1886 జూన్ 10 తెల్లవారుజామున, తరవేరా అగ్నిపర్వతం బద్దలైంది. అర్ధరాత్రి దాటినప్పటి నుండి భూకంపాలు మొదలై, సుమారు రెండు గంటలకు పర్వత శిఖరాల నుండి నిప్పులు ఎగసినవి. పిమ్మట పగులు రోటోమహానా వరకు వ్యాపించింది. సరస్సు నీరు భూగర్భంలోని కరిగిన శిలాద్రవాన్ని తాకడంతో భయంకరమైన ఆవిరి విస్ఫోటనం సంభవించి, సరస్సు అడుగున ఉన్న బురద అంతా ఆకాశానికి ఎగసి చుట్టుప్రక్కల గ్రామాలపై కురిసింది. ఉదయం ఆరు గంటల ప్రాంతానికి ఉధృతి తగ్గే సమయానికి 17 కిలోమీటర్ల పొడవున నేల చీలిపోయి ఉంది.

తే వైరోవాలో బురద, బూడిద, రాళ్ళ బరువుకు ఇండ్ల కప్పులు కూలిపోసాగాయి. పాఠశాల ఉపాధ్యాయుని ఇల్లు కూలి ఆయన, ఆయన కుటుంబంలో పలువురు మరణించారు. హోటలు కూడా శిథిలం కాగా, అందులోనివారు చీకటిలో బురదవాన మధ్య సోఫియా ఇంటికి పరుగెత్తారు. దారిలో ఒక ఆంగ్ల యాత్రికుడు కూలిన వసారా క్రింద పడి చనిపోయాడు.

సోఫియా ఇల్లు మావోరి పద్ధతిలో కట్టినది. కప్పు బాగా ఏటవాలుగా ఉండటం వలన బురద నిలువకుండా చాలా వరకు జారిపోయింది. గోడలను దిట్టమైన కలపతో బలపరచి ఉండటం వలన అవి ఒత్తిడిని తట్టుకొన్నాయి. మావోరులు, ఐరోపావారు కలిపి అరవై మందికి పైగా ఆ చిన్న ఇంట కిక్కిరిసి తెల్లవారేవరకు గడిపారు. హినెమిహి సభాగృహంలో చేరినవారు కూడా బ్రతికారు.

ఈ ప్రమాదంలో మరణించినవారు సుమారు 120 మంది అని అంచనా. వీరిలో అత్యధికులు మావోరులు. యాత్రికులు పడవ దిగే తే అరికి గ్రామం జనంతో సహా పూర్తిగా పూడిపోయింది. తుహోటో పూజారి బురదలో కూరుకుపోయిన తన ఇంట నాలుగు రోజులు ఉండి ప్రాణాలతో బయటపడినా, కొద్దిరోజులకే ఆసుపత్రిలో మరణించాడు. తెల్ల, గులాబీ సోపానాలు కనుమరుగైనాయి. సరస్సు ఉన్నచోట పెద్ద బిలం ఏర్పడి, క్రమేణా నీరు నిండి, పూర్వంకంటే ఎంతో విశాలమైన, లోతైన నేటి రోటోమహానా రూపొందింది.

ఫకారెవారెవాలో

తూహౌరంగి వారు ఒక్క రాత్రిలో బంధువులను, భూములను, జీవనాధారాన్ని కోల్పోయారు. ఇతర తెగలవారు వారికి ఆశ్రయమిచ్చారు. పలువురు రోటోరువా పట్టణం ప్రక్కన ఉన్న ఫకారెవారెవాలో స్థిరపడ్డారు. ఇక్కడ కూడా వేడినీటి బుగ్గలు, బురద గుంటలు, పోహుటు అనే ఎగజిమ్మే బుగ్గ ఉన్నాయి. సోఫియా ఇక్కడకు చేరి, తన వృత్తిని మరల ప్రారంభించింది. చూపించవలసిన స్థలం మారినా, వేడినేలపై యాత్రికులను క్షేమంగా నడిపించే విద్య ఆమెతో పాటే వచ్చింది. సోపానాలను ఎన్నడూ చూడని యాత్రికులు వాటి వర్ణనను, విస్ఫోటనపు రాత్రి వృత్తాంతాన్ని ఆమె నోట వినడానికి వచ్చేవారు.

1890 దశకంలో ఈమె ఒక నాటక బృందంతో కలసి ఆస్ట్రేలియాలో పర్యటించింది. మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో చేరి, 1896లో క్రైస్తవ మహిళా మద్యనిషేధ సంఘం ఫకారెవారెవా శాఖకు అధ్యక్షురాలైంది. తరువాతి తరం మార్గదర్శినులకు ఈమె మార్గం చూపింది. ఈమె వద్ద పని నేర్చుకొన్న మాకెరెటి (మ్యాగీ పాపకురా) 1901లో ఇంగ్లాండు యువరాజ దంపతులకు ఫకారెవారెవాను చూపించి ఖ్యాతి గడించింది. మాకెరెటి తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో మానవ శాస్త్రం చదివింది. మావోరుల జీవితంపై ఆమె రచించిన గ్రంథం ఆమె మరణానంతరం 1938లో వెలువడింది.

సోఫియా 1911 డిసెంబర్ 4న ఫకారెవారెవాలో మరణించింది.

ప్రాముఖ్యత

విస్ఫోటనం జరిగిన మరుసటి సంవత్సరం, 1887లో, మావోరి నాయకుడు తే హ్యూహ్యూ టుకినో అదే ద్వీపంలోని టోంగరీరో అగ్నిపర్వత శిఖరాలను ప్రభుత్వానికి అప్పగించగా, అది దేశంలో మొదటి జాతీయ వనానికి నాంది అయింది. 1901లో న్యూజీలాండ్ ప్రభుత్వం పర్యాటకానికి ప్రత్యేక శాఖను నెలకొల్పింది. వీటన్నింటికీ ముందే, రెండు భాషలు తెలిసిన ఒక మావోరి స్త్రీ చిన్న బృందాలను వేడినేలపై నడిపించి, ఆ వృత్తికి గౌరవం తెచ్చింది. ఆ తరువాత పలు తరాలపాటు రోటోరువా ప్రాంతంలో ఈ వృత్తి మావోరి స్త్రీల చేతులలోనే సాగింది.

విశేషాలు

హినెమిహి సభాగృహాన్ని 1892లో అప్పటి గవర్నరు లార్డ్ ఆన్‌స్లో కొని ఇంగ్లాండులోని తన ఎస్టేటుకు తరలించాడు.

బురదలో పూడిపోయిన తే వైరోవా గ్రామాన్ని 20వ శతాబ్దంలో కొంతవరకు త్రవ్వి తీశారు. బయటపడిన వాటిలో సోఫియా ఇంటి స్థలం కూడా ఉంది.

చిత్రకారుడు చార్లెస్ బ్లోమ్‌ఫీల్డ్ విస్ఫోటనానికి ముందు సోపానాల వద్ద ఉండి వాటిని చిత్రించాడు. రంగు ఫోటోలు లేని ఆ కాలంలో వాటి వర్ణాలను తెలిపే ముఖ్యమైన ఆధారాలలో ఈ చిత్రాలు ఒకటి.

2011లో శాస్త్రవేత్తలు సరస్సు అడుగును యంత్రాలతో పరిశీలించి, గులాబీ సోపానాలలో కొంత భాగం మిగిలి ఉన్నట్లు ప్రకటించారు. హోక్‌స్టెటర్ దినచర్య పుస్తకాల ఆధారంగా, అవి నేటి సరస్సు ఒడ్డున నేలలో పూడి ఉన్నాయని మరికొందరు పరిశోధకులు తరువాత వాదించారు. ఈ విషయం ఇంకా వివాదాస్పదమే.