జాన్ కోల్ట్రేన్: సాక్సఫోన్‌కు సమానంగా డ్రమ్ము

జూలై 17 అంటే చీరాల, పేరాల వాడల్లో మనకు మొదట గుర్తొచ్చేది కారంచేడు. 1985లో ఆ రోజున అగ్రకుల భూస్వాముల మూక ఆరుగురు మాదిగలను వెంటాడి చంపింది. ప్రాణాలు దక్కినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్లీ ఆ ఊరికి పోమని తేల్చిచెప్పారు. అదే తేదీన, 1967లో, అమెరికాలో ఒక నల్లజాతి కళాకారుడు కన్నుమూశాడు. ఆయనే జాన్ కోల్ట్రేన్. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. కానీ ఆయన బతుకు మనకు పరాయిది కాదు.

1926 సెప్టెంబర్ 23న నార్త్ కరోలినాలోని హామ్లెట్‌లో పుట్టాడు. తాతలిద్దరూ పాస్టర్లు, తండ్రి దర్జీ. బడి నుంచి మంచినీళ్ల కుళాయి దాకా నల్లవాళ్లకు అన్నీ వేరుగా ఉన్న కాలమది. పన్నెండేళ్లకే తండ్రి పోయాడు. తల్లి ఇళ్లలో పనిచేసి పెంచింది. 1945లో నౌకాదళంలో చేరితే అక్కడా అదే గీత. తెల్లవాళ్ల బ్యాండ్‌లో వాయించినా, పై అధికారుల కంట పడకుండా అతిథి పేరుతోనే వాయించాల్సి వచ్చింది.

తర్వాత హెరాయిన్ పట్టుకుంది. మత్తు పేదల ఇళ్లను ఎలా తింటుందో మన వాడలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1957లో మైల్స్ డేవిస్ తన బృందం నుంచి పంపేశాడు. ఆ ఏడాదే కోల్ట్రేన్ మత్తు మానేశాడు. అక్కడి నుంచి పదేళ్లు మాత్రమే బతికాడు. ఆ పదేళ్లలోనే జాజ్ దారి మార్చాడు.

1963 సెప్టెంబర్ 15న బర్మింగ్‌హామ్‌లోని నల్లవాళ్ల చర్చిలో తెల్లజాతి దురహంకారులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. రెండు నెలలకు కోల్ట్రేన్ ‘అలబామా’ రికార్డు చేశాడు. అందులో ఒక్క మాట లేదు. విన్నవాళ్లకు మాత్రం అది శోకమని తెలిసిపోతుంది.

చనిపోవడానికి ఐదు నెలల ముందు, 1967 ఫిబ్రవరి 22న, డ్రమ్మర్ రషీద్ అలీతో కలిసి న్యూజెర్సీలోని స్టూడియోలో కూర్చున్నాడు. పియానో లేదు, బాస్ లేదు, పాట లేదు. సాక్సఫోన్, డ్రమ్ములు, కాసిని చిరుగంటలు, అంతే. ‘ఇంటర్‌స్టెల్లర్ స్పేస్’ పేరుతో ఆ ఆల్బమ్ 1974లో వచ్చింది. అంగారకుడు, శుక్రుడు, బృహస్పతి, శని అంటూ గ్రహాల పేర్లతో నాలుగు భాగాలు. దీన్ని ఫ్రీ జాజ్ అంటారు. ముందే కట్టిన తాళం ఉండదు. డ్రమ్ము సాక్సఫోన్ వెనక నడవదు, పక్కన నడుస్తుంది. ఒకరు రేపిన అలకు మరొకరు ఎదురొస్తారు.

మేము ఈ ఆల్బమ్ గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఆ డ్రమ్మే. బానిసలు తిరగబడిన తర్వాత, 1740లో సౌత్ కరోలినా చట్టం వాళ్లకు డ్రమ్ములు నిషేధించింది. ఆ మోతతో కబురు పోతుందని యజమానుల భయం. మన దగ్గర ఇంకో తీరు. చావుకీ జాతరకీ డప్పు కొట్టి తీరాలని మాదిగలను వెట్టికి కట్టేశారు. అక్కడ కొట్టనివ్వలేదు, ఇక్కడ కొట్టకుండా ఉండనివ్వలేదు. ఎప్పుడు మోగాలో నిర్ణయించింది మాత్రం రెండుచోట్లా దొరలే.

కారంచేడు తర్వాత అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. ఉద్యమ సభల్లో డప్పు మన ఇష్టంతో మోగింది. కోల్ట్రేన్ నలభయ్యేళ్లకే కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. రషీద్ అలీ 2009 దాకా డ్రమ్ములు వాయిస్తూనే ఉన్నాడు. డప్పు నేర్చుకుంటున్న మన పిల్లలకు ఈ ఆల్బమ్ ఒకసారి వినిపించండి.