వైద్య తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

విశాఖపట్టణమునకు చేరువనున్న పరవాడలో నేడు ఔషధ కర్మాగారములు వరుసలు తీరియున్నవి. కాన్సరు మందుల చరిత్రకు తొలి పుట వ్రాసినవారిలో ఒక ఆంధ్రుడు కలడని అచ్చటి విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధి వారి సోదరులనిద్దరిని బలిగొనెను. మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపునందుకొని ఖద్దరు ధరించి, శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియైరి. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను.

పిదప అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కే ఆచార్యునితో కలిసి, భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెల్లడించిరి. జీవకణములకు శక్తినిచ్చు ఎ.టి.పి.ని 1929లో ప్రకటించిరి. అయినను హార్వర్డు స్థిరమైన పదవి నొసగలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరిరి.

అచ్చట వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. స్ప్రూ రోగులకు అది మేలు చేసెను. కాని ఆ జాతి పదార్థములనిచ్చినపుడు రక్త కాన్సరుగల బాలలలో వ్యాధి విజృంభించుటను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు గమనించెను. అట్లయినచో, ఆ ఆమ్లమును పోలియుండి దాని పనికి అడ్డుపడు పదార్థము వ్యాధిని అణచవలెను గదా! సుబ్బారావుగారి బృందము అట్టి అమినోప్టెరిన్‌ను తయారు చేసి యిచ్చెను. 1948లో ఫార్బరు ప్రకటించిన ఫలితములలో 16 మంది బాలలకుగాను 10 మంది కొంతకాలము కోలుకొనిరి. ఆ ఏటి ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి.

మిగిలిన ఆరుగురికి ఏల గుణమీయలేదు? ఈ ప్రశ్న వారి వెనుక మిగిలిపోయెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలోనున్నది. ఒకే మోతాదు ఒకరి దేహమునుండి వేగముగను, మరియొకరి దేహమునుండి మెల్లగను వెడలును. అధిక మోతాదులిచ్చునపుడు వైద్యులు రక్తములో మందు ఎంత నిలిచినదో కొలుచుచుందురు. అనేక రోగుల జన్యు లక్షణములను, రక్తపరీక్షల ఫలితములను కంప్యూటరుకు నేర్పి, ఎవరికే మందు, ఎంత తగునో ముందుగా అంచనా కట్టు మెషీన్ లెర్నింగ్ పరిశోధన ఇపుడు సాగుచున్నది.

అయితే యంత్రము తాను చూచిన రోగులనుండియే నేర్చుకొనును. తెలుగు బాలల వివరములు అందులో లేనిచో వారి విషయమున దాని లెక్క తప్పవచ్చును. పరవాడకు సమీపమున అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి కలదు. అట్టి చోట్ల రోగుల అనుమతితో శ్రద్ధగా వ్రాసియుంచు ప్రతి వివరమును, నాటి ఆరుగురి వంటి బాలలకు రేపు తగిన మందు చూపుటకు తోడ్పడగలదు.