సుబ్బారావు మందు ఎవరి ఒంట్లోకి?

క్యాన్సర్ వైద్య చరిత్రలో తెలుగువారు సగర్వంగా చెప్పుకొనే పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆ గర్వంలో నాకూ వాటా ఉంది. అయితే ఆయన జీవితాన్ని విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను మందు దగ్గర ఆగను. అది మొదట ఎవరి శరీరంలోకి వెళ్ళిందని అడుగుతాను.

సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. 1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. మన ఊళ్ళలో ఆ పనిని ఏ కులాల నుదుట రాశారో ఈ పుట పాఠకులకు చెప్పనక్కరలేదు. బ్రాహ్మణ కుటుంబీకునికి అది కొన్నాళ్ళ కష్టం. ఆ కులాలకు తరతరాల వృత్తి.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను చంపిన స్ప్రూకు అదే మందైంది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ కోవకు చెందిన పదార్థాలను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గలేదు సరికదా, మరింత ఉధృతమైనట్టు ఆయనకు తోచింది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్‌ను పెంచితే, దాన్ని అడ్డుకొనే పదార్థం తగ్గించాలి కదా! సుబ్బారావు బృందం అమినోప్టెరిన్‌ను అందించింది. 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

వ్యాధి ముదిరిన ఆ తొలి పిల్లల పేర్లు మనకు గుర్తులేవు. ప్రయోగం రోగికి మేలు చేయవచ్చు, కీడు చేయవచ్చు, తర్వాతి రోగికి మాత్రమే పనికిరావచ్చు. ఈ మూడూ సంతకానికి ముందే చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో అది జరగలేదు. హాస్టళ్ళలోని గిరిజన బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో అధ్యయనం నిలిచిపోయింది. బాలికల మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చినా, సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది.

అలాగని ప్రయోగాలకు దూరంగా ఉండమని నేను చెప్పను. దూరంగా ఉంచడమూ వివక్షే. కొత్త మందు మొదట అందే తలుపు అదే కావచ్చు. మోకిల విల్లాల్లో ఉండేవారికి అర్థం కాకపోతే అడగడానికి బంధువుల్లో ఒక వైద్యుడైనా దొరుకుతాడు. ఆ విల్లాల్లో అంట్లు తోమే మాదిగ స్త్రీకి, మొయినాబాద్ ముస్లిం కూలీకి ఎవరున్నారు? 2019 నిబంధనల ప్రకారం వివరాలు రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారికి ప్రయోగంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నా మామూలు చికిత్స ఆగకూడదు. ప్రయోగం వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి.

ఆ సాక్షిని రోగే ఎంచుకోనివ్వాలన్నది నా ప్రతిపాదన. చేవెళ్ళ, శంకరపల్లి ప్రాంతాల ఆశా కార్యకర్తలకు ఇందుకు శిక్షణ ఇవ్వవచ్చు. కాగితం ఒక రాత్రి ఇంటికి వెళ్ళాలి, తెలుగులోనో ఉర్దూలోనో వాడలో నలుగురి ముందు చదివించుకోవాలి, సంతకం మర్నాడు.