మంత్రాలయానికి భూమినిచ్చిన మసూద్ ఖాన్

తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం ఉన్న నేలను ఇనాముగా ఇచ్చినది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్. కర్నూలు జిల్లాలో ఈ సంగతి చాలామందికి తెలుసు. అయితే ఆయన ఒకప్పుడు బీజాపూరు రాజ్యభారాన్ని మోశాడనీ, ఆ పదవే ఆయనకు నిందలు తెచ్చిపెట్టిందనీ తెలిసినవారు తక్కువ.

అబిసీనియా నుండి దక్కను చేరిన హబ్షీలను సిద్దీలు అనేవారు. బానిసలుగా వచ్చినవారిలో కొందరు తమ శక్తిసామర్థ్యాలతో సేనానులయ్యారు, మంత్రులయ్యారు. పుట్టుక, రంగు మనిషి విలువను నిర్ణయించవన్న ఇస్లాం బోధకు వారి చరిత్ర ఒక నిదర్శనం. మసూద్ ఖాన్ ఆ సంతతివాడే. కర్నూలును ఏలిన సిద్ది జౌహర్‌కు అల్లుడు. 1660లో పన్హాలా కోటలో శివాజీని ముట్టడించినది ఈ జౌహరే. మామ తరువాత ఈ ప్రాంతంపై అధికారం మసూద్‌కు దక్కింది.

ఆదోనిలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. 1662లో నిర్మించారని చెప్పే ఈ మసీదు అంటే ఆయనకు ప్రాణం. ఆ రోజుల్లోనే రాఘవేంద్రస్వామి ఆదోనికి వచ్చారు. దివాను వెంకన్న ద్వారా స్వామివారి సంగతి నవాబుకు తెలిసిందనీ, సారవంతమైన భూములు ఇస్తానన్నా స్వామివారు మంచాల గ్రామాన్నే కోరారనీ మఠం గాథ చెబుతుంది. నవాబు ఆ గ్రామాన్ని ఇచ్చాడు. 1671లో స్వామివారు అక్కడే బృందావన ప్రవేశం చేశారు. మంచాల మంత్రాలయమైంది.

మరుసటి ఏడు, 1672లో బీజాపూరు సుల్తాను రెండవ అలీ ఆదిల్‌షా కన్నుమూశాడు. వారసుడు సికందర్‌కు నాలుగేళ్లు. పసివాని పేరిట అధికారం కోసం దక్కనీ, పఠాను, హబ్షీ సర్దారులు కలహించుకున్నారు. ఖవాస్ ఖాన్, తరువాత బహలోల్ ఖాన్ పెత్తనం చేశారు. 1677 చివర బహలోల్ మరణించగా, 1678లో ఆ బాధ్యత మసూద్ ఖాన్ మీద పడింది.

ఆయన చేతికి వచ్చింది వట్టిపోయిన ఖజానా. బాకీ జీతాల కోసం పఠాను సైనికులు నగరంలో ప్రజలను పీడించారు. జీతాలు తీరుస్తానన్న మాట ఆయన పూర్తిగా నిలుపుకోలేకపోయాడు. కష్టజీవికి కూలి ఆలస్యం చేయరాదన్న ప్రవక్త (స) బోధను మరచిన రాజ్యానికి ఏ గతి పడుతుందో బీజాపూరు చూపింది. మసూద్ మొగలులతో ఒప్పందం చేసుకున్నాడు, శివాజీతోనూ మంతనాలు జరిపాడు. ఇద్దరూ ఆయనను పూర్తిగా నమ్మలేదు. 1679లో సుల్తాను సోదరి షహర్‌బాను మొగలుల శిబిరానికి వెళ్లవలసి వచ్చింది. అయినా ఆ ఏడే దిలేర్ ఖాన్ బీజాపూరును ముట్టడించాడు. మసూద్ శివాజీ సాయం కోరాడు. మామ ముట్టడించిన వానినే అల్లుడు ఆశ్రయించాడు. సాయం అందింది, ముట్టడి తొలగింది. కానీ సర్దారుల కలహాలు మాత్రం తొలగలేదు. విసిగిన మసూద్ 1683లో పదవి వదిలి ఆదోనికి తిరిగి వచ్చాడు. మునిగే పడవను విడిచి వచ్చాడని కొందరు నిందించారు. ఒంటరిగా ఆయన చేయగలిగిందేముందని మరికొందరన్నారు. 1686లో బీజాపూరు, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి.

ఆదోని ఒక్కటే మిగిలింది. 1688లో మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ దండెత్తాడు. మొదటి నిజాముకు ఇతడు తండ్రి. కోట లొంగలేదు. చివరకు ఫిరంగులను జామియా మసీదు వైపు తిప్పగా, దాన్ని కాపాడుకోవడానికి మసూద్ కోటను అప్పగించాడని ఆదోనిలో చెప్పుకుంటారు. దీన్ని పిరికితనం అన్నవారున్నారు. అయితే మసీదు మీదికి ఫిరంగి తిప్పిన సేన కూడా ముస్లిం పాదుషాదేనన్న సంగతి మరువరాదు. అధికారం కోసం జరిగే పోరును ధర్మం కోసం జరిగే పోరుగా భ్రమపడరాదని ఈ ఘటన హెచ్చరిస్తుంది.

మసూద్ ఖాన్ లోపాలు లేనివాడు కాడు. రాజ్యాన్ని నిలపలేకపోయాడు, కోటనూ నిలపలేకపోయాడు. ఆయన పట్టుకోవాలని చూసినవన్నీ చేజారాయి. నిలిచినవి రెండే. ఒకటి అల్లాహ్ కోసం కట్టించిన మసీదు, రెండవది పొరుగు మతస్థునికి మనసారా ఇచ్చిన ఊరు. ఆదోని జామియా మసీదులో నేటికీ జుమా నమాజుకు సఫ్‌లు నిండుతున్నాయి. మంత్రాలయంలో నేటికీ లక్షలాది భక్తులు తుంగభద్రలో స్నానం చేస్తున్నారు. పదవి కొద్దినాళ్ల అమానత్తు. దానిలో ఉండగా చేసిన మేలే మన వెంట వస్తుంది. ఆ మేలు చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.