జ్ఞానదానందినీదేవి

కుచ్చెళ్లు ముందు దోపి, పైటను ఎడమ భుజంపై వేసి, రవిక, లోపావడాలతో చీర ధరించే స్త్రీలు నేడు మార్కాపురం, గిద్దలూరు వీధులు మొదలుకొని దేశమంతటా కనిపిస్తారు. అనాదిగా వచ్చినదని తోచే ఈ వేషంలో పందొమ్మిదవ శతాబ్దపు కూర్పు ఎంతో ఉన్నది. ఆ కూర్పునకు బాట వేసినవారిలో ముఖ్యురాలు జ్ఞానదానందినీదేవి.

ఆమె 1850లో వంగదేశంలోని జెస్సోర్ ప్రాంతంలో జన్మించి, బాల్యంలోనే కలకత్తా ఠాకూరుల ఇంటి కోడలయ్యారు. భర్త సత్యేంద్రనాథ్ రవీంద్రునికి అన్న; ఐ.సి.యస్. పరీక్షలో నెగ్గిన తొలి భారతీయుడు. బొంబాయి రాజధానిలో ఉద్యోగం లభించగా, 1864లో ఆయన భార్యను వెంట తీసుకొనిపోదలచారు. అప్పుడు చిక్కు వచ్చిపడింది. నాటి వంగదేశపు సంపన్న గృహిణులు అంతఃపురంలో రవిక లేకుండా ఒంటిచీర చుట్టుకొనేవారు. పరుల ఎదుటికి రావడానికి అది చాలదు. తగిన దుస్తులు లేనందున గడప దాటరాదు. గడప దాటనందున అట్టి దుస్తులు పుట్టనే లేదు. చివరకు ఒక ఫ్రెంచి దుకాణంలో ప్రాచ్యరీతి ఉడుపులు కుట్టించారు. పరుల సాయం లేనిదే వాటిని ధరించడం ఆమెకు సాధ్యం కాలేదు. ఇంటి నుండి ఓడ వరకు ఆమె పల్లకిలోనే వెళ్లవలసి వచ్చింది.

బొంబాయిలో ఆ దంపతులు మాణెక్‌జీ కర్సెట్‌జీ అనే పారశీక ప్రముఖుని ఇంట బస చేశారు. అక్కడి స్త్రీల చీరకట్టును జ్ఞానదానందిని శ్రద్ధగా గమనించారు. వారు పైటను కుడి భుజంపై వేసుకొనేవారు. పనిచేసే కుడిచేతికి అడ్డు లేకుండా ఆమె దానిని ఎడమ భుజానికి మార్చారు. రవిక, లోపావడాలను జతచేశారు. చీరను మాత్రం విడువలేదు. కత్తెర తగలని ఆ పాతవస్త్రం ఏ ఒంటికైనా, ఏ పనికైనా ఒదుగుతుంది. విదేశపు ఉడుపులలో ఆమెకు దొరకనిది ఆ సౌలభ్యమే.

మార్పును లోకం వెంటనే మెచ్చలేదు. 1866లో ఆమె కలకత్తాలో రాజప్రతినిధి విందుకు భర్తతో వెళ్లగా, బంధువైన ప్రసన్నకుమార్ ఠాకూర్ సహించలేక అక్కడి నుండి లేచిపోయారు. ఆమె వెనుదీయలేదు. 1871లో ఒక పత్రికా ప్రకటన ద్వారా ఈ కట్టు నేర్పుతానని స్త్రీలను ఆహ్వానించారు. బ్రహ్మసమాజ కుటుంబాలు స్వీకరించినందున దీనికి బ్రాహ్మికా చీర అని పేరు వచ్చింది. నేటి కట్టంతా ఆమె ఒక్కరి సృష్టి అనడం అతిశయోక్తి. తరువాత పలువురు దానిని సవరించారు. ఇప్పుడు దీనిని ‘నీవి’ కట్టు అంటారు. నీవి అనగా పోకముడి. ఆంధ్రదేశపు పాత కట్టుతో దీనికి సంబంధం చెప్పేవారూ ఉన్నారు.

1877లో ఆమె భర్త తోడు లేకుండానే ముగ్గురు పిల్లలతో ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. 1885లో ‘బాలక్’ అనే పిల్లల పత్రికకు సంపాదకురాలయ్యారు. రవీంద్రుడు మరణించిన 1941లోనే ఆమె కూడా కన్నుమూశారు.