పచ్చని నేలకు పెట్టనికోట – ఆక్టేవియా హిల్

నగరము పెరుగుకొలది పొలము తరుగుచుండును. నిన్న పైరు పండిన చోట నేడు మేడ లేచుచున్నది. దీనిని చూచి నిట్టూర్చువారు పెక్కుమంది కలరు. అడ్డుపడ పూనుకొన్నవారు కొందరే. ఆ కొందరిలో అగ్రగణ్యురాలగు ఒక ఆంగ్ల మహిళ జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

ఆక్టేవియా హిల్ 1838వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని విస్‌బెచ్ పట్టణమున జన్మించెను. తండ్రి ధాన్యపు వర్తకుడు. ఆయన వ్యాపారము చితికిపోగా, ప్రజారోగ్యమునకై పాటుపడిన వైద్యుడగు మాతామహుడు ఆ కుటుంబమును ఆదుకొనెను. లండనుకు చేరువనున్న ఫించ్‌లీలో, పొలముల నడుమ, ఆమె బాల్యము గడచెను. 1852లో తల్లితో లండను చేరి, బొమ్మలు చేసి పొట్టపోసికొను పేదపిల్లల పనిని పర్యవేక్షించు భారమును చిన్ననాటనే వహించెను. తీరిక దొరకినప్పుడు ఆ పిల్లలను ఊరి వెలుపలి పచ్చికబయళ్ళకు తీసికొనిపోవుచుండెను.

1865లో ప్రసిద్ధ రచయిత జాన్ రస్కిన్ కొన్ని పేదల ఇండ్లను కొని, వాని నిర్వహణమును ఆమెకు అప్పగించెను. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము కాపురముండుట ఆమె కన్నులార చూచెను. ఇంటిలో చోటులేనివారికి ఇంటి బయటనైనను చోటుండవలెనని ఆమెకు దృఢముగా తోచెను. ధనవంతుడు రైలెక్కి పల్లెకు పోగలడు. కూలివాడు కాలినడకన పోగలిగినంత దూరములోనే పచ్చనినేల మిగిలియుండవలెను.

1875లో ఆమెకు గొప్ప పరీక్ష యెదురయ్యెను. పేటలకు సమీపముననున్న స్విస్ కాటేజి పొలములలో ఇండ్లు కట్టుటకు యజమానులు సిద్ధపడిరి. వానిని కొనుటకు 10,000 పౌనులు కావలసియుండెను. ఆక్టేవియా ఊరెల్ల విజ్ఞప్తులు పంపి, మూడు వారములలో 8,000 పౌనులకు పైగా సేకరించెను. ఇక కొద్దిపాటి సొమ్మే తక్కువ. అంతలో యజమానులు అమ్మబోమనిరి. పొలములు పోయినవి, వీధులు వెలసినవి. నాటినుండి నేటివరకు ఆ నేల తిరిగి పొలము కాలేదు.

ఈ యోటమి ఆమెను క్రుంగదీయలేదు. సదుద్దేశము, చందాల సొమ్ము మాత్రమే చాలవని అది తేటపరచెను. ఆమెయు, పెక్కుమంది మిత్రులును పట్టువిడువక శ్రమించిరి. 1889లో పార్లమెంటుహిల్ పొలములు సుమారు 3 లక్షల పౌనులకు ప్రజలపరమై, హాంప్‌స్టెడ్ మైదానములో చేరినవి. ఈ కొనుగోలులో నగరపాలక సంస్థల సొమ్మును, ప్రజల చందాలును కలిసియున్నవి.

అయితే కొన్న నేలను ఎవరి పేర నుంచవలెను? మనుష్యుడు మరణించును; వారసుడు అమ్ముకొనవచ్చును. కావున మరణములేని యజమాని యొకడు కావలెను. ఈ యాలోచనతో న్యాయవాది రాబర్ట్ హంటర్, మతాచార్యుడు హార్డ్‌విక్ రాన్‌స్లీ, ఆక్టేవియా, ఈ మువ్వురు 1895లో నేషనల్ ట్రస్టును స్థాపించిరి. ఆ యేడే వేల్సు సముద్రతీరమున నాలుగున్నర ఎకరముల కొండనేల తొలి దానముగా లభించెను. 1902లో సరోవర ప్రాంతమున 108 ఎకరముల బ్రాండెల్‌హౌ వనమును చందాలతో కొనిరి. 1907లో పార్లమెంటు చేసిన చట్టము ట్రస్టు భూములను అన్యాక్రాంతము కానీయక కాపాడు అధికారమును దానికి ఒసగెను.

ఆక్టేవియా 1912 ఆగస్టు 13వ తేదీన మరణించెను. కెంటు మండలమున క్రాకమ్‌హిల్ గ్రామములో ఆమె సమాధి కలదు. 1938లో, లండను చుట్టునున్న పొలములను, పచ్చిక భూములను హరితవలయముగా నిలుపుటకు ప్రత్యేక చట్టము వచ్చెను. ఆమె కోరినది ఆమె గతించిన 26 ఏండ్లకు శాసనరూపము దాల్చెను.

బాలబాలికలారా! మన ఊళ్ళ చుట్టును చెరువులున్నవి, మేతబీళ్ళున్నవి, మాగాణి మళ్ళున్నవి. అవి యెవరి పేర నున్నవో, ఏ దస్తావేజులలో ఎట్లు వ్రాయబడియున్నవో మనలో ఎందరికి తెలియును? నేలపై ప్రేమ యుండిన చాలదు. దానికి చట్టపు రక్షణయు కావలెను. స్విస్ కాటేజి పొలములు కోల్పోయి ఆక్టేవియా నేర్చిన పాఠమును, మనము ఏమియు కోల్పోకముందే నేర్చుకొందము.